కరోనా కాలంలో మా ఊరి ప్రాథమిక పాఠశాల సమాచార సేవ: ఒక తల్లి సమీక్ష

2020 మార్చిలో బడులు మూతపడిన నాటి నుంచి 2021 ఆగస్టులో అవి మళ్లీ నిలకడగా తెరుచుకునే దాకా, కృష్ణా డెల్టాలోని మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల పిల్లల ఇళ్లకు ఏ విషయాన్ని ఎప్పుడు, ఏ దారిలో, ఎంత స్పష్టంగా తెలియజేసిందో పరిశీలించడమే ఈ సమీక్ష ఉద్దేశం. బడిని గురించి రాసేవారు సాధారణంగా చదువు, గదులు, మరుగుదొడ్లు, ఉపాధ్యాయుల సంఖ్య వంటివి చూస్తారు. ఆ ఏడాదిన్నరలో ఎక్కువ కాలం తరగతి గదులకు తాళాలే ఉన్నాయి. బడి మాకు ఇవ్వగలిగినది ముఖ్యంగా సమాచారమే కాబట్టి, ఆ సేవను విడిగా తూచి చూడటం అవసరమని నా నమ్మకం. మహమ్మారి మొదలైనప్పుడు మా అమ్మాయి మూడో తరగతిలోనూ, అబ్బాయి ఒకటో తరగతిలోనూ ఉన్నారు. అది ఇద్దరు ఉపాధ్యాయులే ఉన్న బడి. పిల్లల్లో ఎక్కువ మంది కౌలు రైతుల ఇళ్ల నుంచి, కూలి పనికి వెళ్లే ఇళ్ల నుంచి వచ్చేవారే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. తేదీలు, బియ్యం, ఆరోగ్య జాగ్రత్తలు అనే మూడు విషయాల్లో ఈ బడి సమాచారం ఎంతో నమ్మదగినదిగా ఉంది. మా మాట వినడంలో బడి ఆలస్యంగా మేలుకుంది. పిల్లవాడికి ఏం వచ్చు, ఏం రాదు అనే అసలు సంగతిని ఇంటికి చేర్చడంలో మాత్రం చాలా వెనుకబడింది. ఈ మూడింటినీ ఒకే మార్కులో కలిపేస్తే బడికీ న్యాయం జరగదు, చదివేవారికీ ఉపయోగం ఉండదు.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 మార్చి 19 నుంచి విద్యాసంస్థలను మూసివేస్తూ ప్రభుత్వం ముందు రోజు నిర్ణయం ప్రకటించింది. అప్పటికి పిల్లలు ఇళ్లకు వచ్చేశారు. అమ్మ ఒడి పత్రాల కోసం అంతకుముందే ఏర్పాటు చేసిన వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రమే సందేశం వచ్చింది. అయితే ఆ గ్రూపులో సగం ఇళ్లు కూడా లేవని ప్రధానోపాధ్యాయురాలికి తెలుసు. అందువల్ల మరునాడు పొద్దున ఇద్దరు ఉపాధ్యాయులూ బడి గేటు దగ్గరే నిలబడి, తెలియక పిల్లలను తీసుకొచ్చిన వారికి నోటితో చెప్పారు. మధ్యాహ్నానికల్లా చేత్తో రాసిన కాగితం ఒకటి పాల కేంద్రం గోడకు అంటించారు. రోజుకు రెండు పూటలా అన్ని వీధుల వారూ పాలు పోయడానికో, పోయించుకోవడానికో వచ్చే చోటు అది. ఊళ్లో బడి గోడను చదివే వారికంటే పాల కేంద్రం గోడను చదివే వారే ఎక్కువని గుర్తించడం చిన్న విషయం కాదు.

ఆ మొదటి కాగితంలోనే ఈ బడి పద్ధతి కనిపించింది. మూసివేతకు ఎవరు ఆదేశించారు, అప్పటికి ఎంతవరకు అన్నారు, పిల్లలను గుంపుగా ట్యూషన్లకు పంపవద్దు అన్న మూడు సంగతులు రాసి, నాలుగో వాక్యంలో మధ్యాహ్న భోజనం సంగతి ఇంకా తెలియలేదనీ, తెలిసిన రోజునే ఇదే గోడ మీద రాస్తామనీ పేర్కొన్నారు. తెలియని దాన్ని తెలియదని రాసిన ఆ వాక్యం వల్లనే మిగిలిన మూడు వాక్యాలను మేము నమ్మాము. తర్వాతి నెలల్లో వదంతులు వచ్చిన ప్రతిసారీ, బడి రాయలేదు కాబట్టి నిజం కాకపోవచ్చునని జనం అనుకునే స్థితికి రావడానికి ఆ నమ్మకమే పునాది.

మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలయ్యాక, పక్క పట్టణంలో ఉండే ఉపాధ్యాయులు ఊరికి రాలేకపోయారు. అప్పుడు వారు చేసిన పని నాకు ఈ మొత్తం సేవలో అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. హాజరు పట్టీలో ఉన్న ప్రతి పిల్లవాడి పేరు ఎదురుగా ఫోను నంబరు ఒకటే కాక, ఆ ఫోను ఎవరిది, ఏ వేళకు ఇంట్లో ఉంటుంది, అది స్మార్ట్ ఫోనా మామూలు ఫోనా, ఇంట్లో చదవగలిగిన వారు ఎవరు అన్న వివరాలు ఒక్కో ఇంటికి ఫోను చేసి రాసుకున్నారు. మా పక్కింట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రి జేబులో పొలానికి పోయేది. తల్లికి కబురు తెలియాలంటే రాత్రి ఏడు దాటాలి. ఇంకో ఇంట్లో ఫోనే లేదు, పిల్లల మేనమామ నంబరు ఇచ్చారు. ఈ పట్టిక తయారయ్యాక సందేశాలు మూడు దారుల్లో వెళ్లేవి. గ్రూపులో రాతగానూ, అదే విషయం టీచరు గారి గొంతుతోనూ పెట్టేవారు. స్మార్ట్ ఫోను లేని ఇళ్లకు సాయంత్రం ఫోను చేసేవారు. పాల కేంద్రం గోడ కాగితాన్ని సచివాలయం వాలంటీరో, బడిలో వంట చేసే ఆమో రాసి అంటించేవారు. మూడు చోట్లా మాటలు ఒకటే ఉండేవి. ఒకరు విన్నదీ ఇంకొకరు చదివిందీ వేరుగా ఉండి వీధిలో వాదన జరగడం మా ఊళ్లో నేను చూడలేదు.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో దేశవ్యాప్త లెక్కలు కూడా చెప్పాయి. 2020 సెప్టెంబరులో, పల్లె పిల్లల చదువు మీద సర్వేలు చేసే అసర్ సంస్థ గ్రామీణ కుటుంబాలను ఫోనులో పలకరించి చేసిన సర్వే ప్రకారం, స్మార్ట్ ఫోను ఉన్న ఇళ్లలోని పిల్లలు 2018లో 36.5 శాతం ఉండగా అప్పటికి 61.8 శాతానికి పెరిగారు. పెరుగుదల పెద్దదే అయినా, పది మందిలో దాదాపు నలుగురు పిల్లల ఇళ్లలో ఆ ఫోను లేనట్టే. ఇల్లంతటికీ ఒక్కటే ఉన్న ఫోను తండ్రితో పాటు పనికి పోతే, లెక్కలో ఉన్న ఫోను కూడా తల్లీపిల్లలకు లేనట్టే. గ్రూపులో పెట్టాము కాబట్టి చెప్పినట్టేనని అనుకున్న బడులు ఈ పిల్లలను వదిలేశాయి. మా బడి వదలలేదు.

ఇక తేదీల సంగతి. బడులు ఎప్పుడు తెరుస్తారన్నది ఆ ఏడాది ప్రతి ఇంట్లో అడిగిన ప్రశ్న, జవాబు మారుతూ వచ్చిన ప్రశ్న కూడా. మొదట 2020 ఆగస్టు 3 అన్నారు. అది సెప్టెంబరు 5 అయింది, తర్వాత అక్టోబరు 5, ఆ తర్వాత నవంబరు 2. నవంబరు 2న తెరిచినప్పుడు కూడా పాఠశాలల్లో 9, 10 తరగతులకే తెరిచారు. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు డిసెంబరు 14 అని చెప్పి, ఆ రోజున 6, 7 తరగతులు మొదలుపెట్టి, చిన్నపిల్లల బడిని సంక్రాంతి తర్వాతకు జరిపారు. చివరకు 2021 ఫిబ్రవరి 1న మా పిల్లలు బడిలో అడుగుపెట్టారు. ఇన్నిసార్లు మారిన తేదీని గందరగోళం లేకుండా చెప్పడం ఎంత కష్టమో, ఆ కాలంలో ఫోన్లలో తిరిగిన పాత సందేశాలను గుర్తు చేసుకుంటే అర్థమవుతుంది. ఆగస్టు 3 అన్న సందేశం ఆగస్టు వచ్చాక కూడా కొత్తదానిలాగే ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు పోతూనే ఉంది.

మా బడి ఇందుకు పాటించిన పద్ధతి సులువైనది, ఏ బడి అయినా పాటించదగినది. ప్రతి సందేశానికి పైన తేదీ, వరుస సంఖ్య ఉండేవి. తేదీ మారినప్పుడు కొత్త తేదీ కంటే ముందు, ఫలానా సందేశంలో చెప్పిన తేదీ రద్దయిందని రాసేవారు. గోడ మీది పాత కాగితాన్ని పీకేయకుండా, దాని మీద ఎర్ర గీత కొట్టి, పక్కన కొత్తది అంటించేవారు. పాతది చదివి వెళ్లిన వారికి అది చెల్లదని కంటితో కనపడాలన్నది వారి ఆలోచన. అంతకంటే ముఖ్యంగా, మంత్రి గారు విలేకరులతో చెప్పిన మాట అయితే ప్రభుత్వం అనుకుంటున్నదని, రాతపూర్వక ఉత్తర్వు వచ్చినదైతే ఉత్తర్వు వచ్చిందని తేడా చూపి రాశారు. టీవీలో కింద పరుగెత్తే అక్షరాలు ఈ తేడాను చూపవు. ఒక తేదీని నమ్మి ఏర్పాట్లు చేసుకునే కుటుంబానికి ఆ తేడాయే కావాలి. మా ఊరి నుంచి కొన్ని కుటుంబాలు సంక్రాంతి వెళ్లాక గుంటూరు వైపు మిరప కోతలకు పోతాయి. పిల్లలను వెంట తీసుకుపోవాలా, అమ్మమ్మ దగ్గర వదలాలా అన్నది బడి తెరిచే తేదీని బట్టి ఉంటుంది. ఫిబ్రవరి 1 సంగతి ఉత్తర్వు రాగానే గోడ మీదకు రావడం వల్ల, బయలుదేరే ముందే రెండు ఇళ్ల వారు పిల్లలను ఊళ్లోనే ఉంచే ఏర్పాటు చేసుకోగలిగారు. సమాచారం ఒక పిల్లవాడి బడిని నిలబెట్టిందనడానికి ఇంతకంటే నిదర్శనం నాకు అక్కర్లేదు.

మధ్యాహ్న భోజనం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సమాచారం నేరుగా పిల్లల కంచంలోకి చేరిన సందర్భం అది. బడులు మూసినా పిల్లలకు ఆహారం ఆగకూడదన్న విషయాన్ని సుప్రీంకోర్టు 2020 మార్చి 18న తనంతట తానే విచారణకు తీసుకుంది. వండి పెట్టలేని చోట బియ్యం, ఇతర సరుకులు ఇవ్వాలనే ఏర్పాటు తర్వాత జరిగింది. మన రాష్ట్రంలో ఆ ఏడాది జనవరిలోనే జగనన్న గోరుముద్ద పేరుతో భోజన పట్టిక మార్చి, వారానికి ఐదు గుడ్లు, మూడు రోజులు పల్లీ చిక్కీ చేర్చారు. బడి మూసి ఉన్న రోజులకు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకు చేరాలి. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం అన్నది ఎప్పటి నుంచో ఉన్న ప్రమాణమే. అయినా వండిన అన్నం తినే కాలంలో ఆ సంగతి ఏ తల్లీ పట్టించుకునే అవసరం రాలేదు.

మా బడి ప్రతి విడత పంపిణీకి ముందు ఒక లెక్క రాసి పెట్టేది. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, అందులో పని దినాలు ఎన్ని, రోజుకు 100 గ్రాముల చొప్పున పిల్లవాడికి మొత్తం బియ్యం ఎంత, గుడ్లు ఎన్ని, చిక్కీలు ఎన్ని అన్నది అందులో ఉండేది. కింద వీధుల వారీగా రావలసిన వేళ ఉండేది. ఇరవై పని దినాలకు రెండు కిలోలు రావాలని తెలిసిన తల్లి, సంచి చేతికి వచ్చినప్పుడు బరువు చూసుకోగలదు, తక్కువైతే అడగగలదు. తమను ప్రశ్నించే వీలును బడి తానే కుటుంబాల చేతికిచ్చింది. ఒక విడతలో గుడ్లు తక్కువ వచ్చాయి. పిల్లవాడికి ఎన్ని తగ్గాయో, మిగిలినవి ఎప్పుడు రావచ్చో అదే కాగితంలో రాశారు. అవి వచ్చిన రోజున మళ్లీ రాశారు. దాచి ఉంటే ఊరంతా వేరే కథలు పుట్టేవి. ప్రభుత్వ పథకాల పంపిణీలో లెక్కను ముందుగా బయటపెట్టడం ఎంత అరుదో తెలిసినవారు, ఇద్దరు టీచర్ల బడి చేసిన ఈ పనిని చిన్నచూపు చూడరు.

2020 అక్టోబరు 8న మొదలైన జగనన్న విద్యాకానుక విషయంలోనూ ఇలాగే జరిగింది. మూడు జతల యూనిఫాం గుడ్డ, పుస్తకాలు, నోటు పుస్తకాలు, సంచి, బెల్టు, బూట్లు, రెండు జతల సాక్సులు కిట్టులో ఉండాలని ముందే పేరుపేరునా రాశారు. బూట్ల కొలత కోసం పిల్లల పాదాన్ని కాగితం మీద పెట్టి గీత గీసి పంపమని అంతకుముందే అడిగారు. అయితే ఆ కొలతలు తీసుకున్న నాటికీ బూట్లు వచ్చిన నాటికీ మధ్య పిల్లల పాదాలు పెరుగుతాయన్న సంగతి ఎవరూ పట్టించుకోకపోవడంతో కొందరికి బూట్లు బిగువయ్యాయి. మార్చుకునే వీలు ఉందో లేదో చాలా రోజులు స్పష్టంగా చెప్పలేదు.

మొదటి నెలల్లో ఇంకో లోపం ఉండేది. పై అధికారుల నుంచి వచ్చిన ఉత్తర్వుల పీడీఎఫ్‌లను ఉన్నవి ఉన్నట్టుగా గ్రూపులో పెట్టేవారు. సగం ఇంగ్లీషులో, మిగతా సగం కార్యాలయ భాషలో ఉండే ఆ పత్రాలు మా ఇళ్లలో ఎవరూ తెరిచేవారు కారు. విద్యాకానుక పంచిన రోజున తల్లిదండ్రుల కమిటీ సభ్యురాలు ఒకామె ప్రధానోపాధ్యాయురాలితో, “టీచరు గారూ, మీరు చదివి మాకు రెండు ముక్కల్లో చెప్పండమ్మా, ఆ కాగితాలు మేమేం చేసుకుంటాం” అని నేరుగా అడిగింది. ఆ వారం నుంచి ప్రతి ఉత్తర్వు పైనా తెలుగులో సారాంశం వచ్చింది. పొద్దున పదకొండుకు వచ్చే గొంతు సందేశాలు రాత్రి ఏడున్నరకు మారింది కూడా ఆ సమావేశం తర్వాతే. అడిగితే మార్చుకునే గుణం ఆ బడికి ఉంది. మెచ్చుకోవాలి. కానీ అడగడానికి అక్టోబరు దాకా మాకు ఏ వీలూ ఇవ్వలేదన్నది కూడా నిజం. గ్రూపులో ఉపాధ్యాయులు మాత్రమే రాయగలిగేటట్టు అమర్చారు. శుభోదయాలు, దేవుడి బొమ్మలు నిండకుండా ఉండటానికి అది అవసరమేనని ఒప్పుకుంటాను. అలా అయితే ప్రశ్నలు అడగడానికి ఇంకో దారి, వారంలో ఒక గంట అయినా, మొదటి నుంచే ఉండవలసింది.

పాఠాల విషయానికి వస్తే నా మెప్పు తగ్గుతుంది. 2020 జూన్‌లో విద్యా వారధి పేరుతో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు మొదలైనప్పుడు ఏ తరగతికి ఏ వేళో బడి చక్కగా తెలియజేసింది. ఆ తర్వాత విద్యాశాఖ చెప్పినట్టు, ఆన్‌లైన్ సౌకర్యం ఉన్న పిల్లలు, టీవీ, రేడియో మాత్రమే ఉన్న పిల్లలు, ఏదీ లేని పిల్లలు అని మూడు రకాలుగా జాబితా రాసుకున్నారు. అంతకుముందే ఫోను పట్టిక ఉండటంతో ఆ జాబితా మా బడిలో కాగితం మీది లెక్కగా కాక ఉన్నది ఉన్నట్టుగా తయారైంది. ఏ సౌకర్యమూ లేని పిల్లలకు వర్క్‌షీట్లు ఇచ్చారు, పూర్తిచేసినవి తిరిగి తీసుకున్నారు. ఇక్కడి దాకా బాగానే ఉంది.

అక్కడితో సమాచారం ఆగిపోయింది. తిరిగి వచ్చిన వర్క్‌షీటు మీద ఒక టిక్కు, ఒక సంతకం తప్ప మరేమీ ఉండేది కాదు. మా అబ్బాయి ఒకటో తరగతి పూర్తికాకుండానే బడి మూతపడింది. పరీక్ష లేకుండా రెండో తరగతిలోకి వచ్చాడు. ఆ తరగతి మొదటి సగం దాటే దాకా తరగతి గది చూడలేదు. వాడికి గుణింతాలు నిలవలేదని నాకు తెలిసింది ఇంట్లో కూర్చోబెట్టి చదివించినప్పుడు, బడి చెప్పినందువల్ల కాదు. నేను డిగ్రీ దాకా చదివాను కాబట్టి కనిపెట్టగలిగాను. చదువు రాని తల్లికి, నెల నెలా బియ్యం ఎంత వచ్చిందో తెలిసింది గానీ, తన బిడ్డ అక్షరాలు ఎక్కడ జారిపోతున్నాయో తెలియలేదు. గోడ మీద కిలోల లెక్క అంత శ్రద్ధగా రాసిన బడి, టీచరు గారి గొంతుతో నెలకొక మాట, అంటే ఈ నెలలో మీ పాప ఒత్తులు చదవలేకపోతున్నది, రోజూ ఈ పది మాటలు చదివించండి అన్నంత మాట, ఇంటింటికీ పంపగలిగేది. ఫోను పట్టిక ఉంది, గొంతు సందేశం అలవాటు ఉంది, వినే తల్లులు ఉన్నారు. అన్నీ ఉండి కూడా జరగలేదు గనుకనే ఇది నన్ను ఎక్కువగా బాధించింది.

పై నుంచి వచ్చిన లెక్కలు కూడా ఆ వైపు చూడలేదని గమనించాలి. ఎంత మందికి వర్క్‌షీట్లు చేరాయన్నది అడిగే నివేదికలు ఉన్నాయి గానీ, ఎంత మంది తల్లిదండ్రులకు పిల్లల స్థితి చెప్పారన్నది అడిగే నివేదిక ఏదీ మా కమిటీ దృష్టికి రాలేదు. పైన చెప్పిన అసర్ సర్వేలోనే, సర్వేకు ముందు వారంలో బడి నుంచి ఏదైనా చదువు సామగ్రి అందిన పిల్లలు మూడోవంతును కాస్త దాటారని తేలింది. ఆ మాట గుర్తుంచుకుంటే, సామగ్రి అయినా చేర్చిన మా బడి చాలా చోట్ల కంటే మెరుగే. ఆ మెరుగుతో సరిపెట్టుకోలేకపోవడానికి కారణం, మిగతా విషయాల్లో వారు చూపిన సామర్థ్యమే.

2021 ఫిబ్రవరిలో తరగతులు మొదలైనప్పుడు తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం అడిగారు. ఒక్క గదిలో ఇరవై మందికి మించకుండా కూర్చోబెట్టాలన్న నిబంధన ఉంది. అంగీకార పత్రం సంతకం కోసం వచ్చినప్పుడు, చదవలేని వారికి చదివి వినిపించారు. అంతేకాక, పంపడం ఇష్టం లేకపోతే పిల్లవాడి పేరు కొట్టివేయరనీ, సరుకులు ఆగవనీ వారే ముందుగా చెప్పారు. ఈ మాట అడిగితే తప్ప చెప్పని చోట్ల చాలామంది భయంతో సంతకం పెట్టారని బంధువుల ద్వారా విన్నాను.

మార్చిలో ఒక పిల్లవాడి ఇంట్లో కరోనా సోకినట్టు తేలినప్పుడు బడి ప్రవర్తించిన తీరు ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఏ తరగతి, ఆ పిల్లవాడు చివరగా బడికి వచ్చిన రోజు ఏది, ఆ తరగతి వారు ఎన్నాళ్లు ఇంట్లో ఉండాలి, జ్వరం, దగ్గు, వాసన తెలియకపోవడం వంటివి కనిపిస్తే ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఏ వేళకు వెళ్లాలి అన్నవి అదే సాయంత్రం చెప్పారు. పేరు చెప్పలేదు. చిన్న ఊళ్లో పేరు దాగదన్నది నిజమే అయినా, బడి నోటి నుంచి ఆ పేరు రాకపోవడానికి విలువ ఉంది. టీచరు గారి గొంతు సందేశంలో, ఆ ఇంటికి పాలు, కూరగాయలు ఆపవద్దన్న విన్నపం కూడా వచ్చింది. వెలివేతలా మారగల పరిస్థితిని ఆ ఒక్క మాట ఆపిందని నేను నమ్ముతున్నాను.

తర్వాత వచ్చిన రెండో దశలో ఈ సేవలోని అసలు బలహీనత బయటపడింది. ఏప్రిల్ 20 నుంచి ఒకటి నుంచి తొమ్మిది తరగతులకు బడులు మూసివేస్తున్నారన్న సందేశం సకాలంలోనే వచ్చింది. ఆ తర్వాత మే నెల పొడుగునా ఏ కబురూ లేదు. ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికల్లోనూ, ఏప్రిల్ 8న పరిషత్ ఎన్నికల్లోనూ ఉపాధ్యాయులు విధులు నిర్వహించారు. రెండో దశ ఉపాధ్యాయుల ఇళ్లను ఎంతగా కుదిపిందో మన రెండు రాష్ట్రాల్లోనూ అందరికీ తెలుసు. మా ప్రధానోపాధ్యాయురాలు కూడా ఆ నెలలో తీవ్రంగా జబ్బుపడ్డారు. ఆ మౌనానికి ఆమెను తప్పుపట్టే మనసు ఊళ్లో ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. కానీ అంత శ్రమపడి తయారుచేసిన ఫోను పట్టిక, సందేశాల వరుస, గ్రూపు నిర్వహణ అంతా ఆమె ఒక్కరి ఫోనులోనే ఉండటం వల్ల, ఆమె మంచం పట్టగానే సేవ మొత్తం మంచం పట్టింది. రెండో ఉపాధ్యాయుడి దగ్గర నకలు లేదు, కమిటీ దగ్గర లేదు, సచివాలయంలోనూ లేదు. పిల్లలను దాటి తమకే ప్రాణభయం పట్టుకున్న ఆ నెలలో, టీకా ఎక్కడ వేస్తున్నారు, బియ్యం ఈ విడత వస్తాయా రావా అన్న ప్రశ్నలకు వంటామె ఒక్కతే తనకు తెలిసినంత చెబుతూ వచ్చింది. జూన్‌లో ప్రధానోపాధ్యాయురాలు కోలుకున్నాక పంపిన మొదటి సందేశం ఆగిపోయిన విషయాలన్నిటికీ వరుసగా జవాబిచ్చింది, ఆలస్యానికి కారణాన్ని కూడా చెప్పింది.

పోలిక కోసం మా చెల్లెలి పిల్లల సంగతి చెబుతాను. వారు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో చదువుతున్నారు. ఆ బడికి సొంత యాప్ ఉంది, రోజూ సందేశాలు వచ్చేవి, ఆన్‌లైన్ తరగతుల లింకులు ఒక్క రోజు కూడా తప్పలేదు. పిల్లల చదువు గురించి నెలకోసారి వీడియోలో తల్లిదండ్రులతో మాట్లాడేవారు. ఈ ఒక్క విషయంలో వారు మా బడి కంటే ఎంతో ముందున్నారు. కానీ తెలంగాణ ప్రభుత్వం 2020 ఏప్రిల్ 21న జీవో 46 ద్వారా ఆ విద్యా సంవత్సరానికి ఫీజులు పెంచరాదనీ, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలవారీగా తీసుకోవాలనీ ఆదేశించినప్పుడు, ఆ యాప్‌లో దాని మాటే రాలేదు. ఫీజు గడువు గుర్తుచేసే సందేశాలు మాత్రం ఆగకుండా వచ్చాయి. తెలంగాణలో ఒకటి నుంచి ఐదు తరగతులు 2021 సెప్టెంబరు 1 దాకా తెరుచుకోనే లేదు. అంత కాలమూ త్వరలో తెరుస్తామన్న మాటే తప్ప, తమకు తెలియదన్న నిజాయితీ గల వాక్యం ఒక్కటి కూడా మా చెల్లెలికి చేరలేదు. సందేశాల సంఖ్యను బట్టి సమాచార సేవను కొలవకూడదని నేను అనడానికి ఆధారం ఇదే. కుటుంబానికి ఉపయోగపడే విషయం బడికి ఇబ్బంది కలిగించేదైనా చెబుతారా అన్నది అడగాలి. గుడ్లు తగ్గాయని గోడ మీద రాసిన మా బడి ఆ పరీక్షలో నెగ్గింది.

2021 ఆగస్టు 16న బడులు తిరిగి తెరుచుకున్నప్పుడు జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఈ విషయాలన్నీ చర్చకు వచ్చాయి. ఫోను పట్టిక నకళ్లు రెండో ఉపాధ్యాయుడి దగ్గరా, కమిటీ అధ్యక్షురాలి దగ్గరా ఉంచాలని నిర్ణయించి అమలు చేశారు. శనివారం సాయంత్రం ఒక గంట సేపు ఉపాధ్యాయుల్లో ఎవరో ఒకరు ఫోనులో తప్పనిసరిగా అందుబాటులో ఉంటున్నారు. పిల్లల చదువు గురించి ప్రతి ఇంటికీ నెలకోసారి చెప్పాలన్న మా కోరికకు అప్పుడు అంగీకరించారు గానీ, అది ఇప్పటికీ అందరికీ సమానంగా జరగడం లేదు. బడికి తరచుగా వచ్చే తల్లులకు తెలుస్తున్నది, పనుల మీద బయటికి పోయేవారికి తెలియడం లేదు. ఇద్దరే ఉపాధ్యాయులతో ఐదు తరగతులు నడిపే బడికి ఇది భారమేనని తెలిసి కూడా, దీన్ని వదిలిపెట్టవద్దని కమిటీలో ప్రతిసారీ అడుగుతున్నాము.

పిల్లలను కొత్తగా ఏ బడిలో చేర్చాలా అని చూస్తున్నవారు, అది ప్రభుత్వ బడి అయినా ప్రైవేటు బడి అయినా, చేర్పించే రోజునే మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలని నా సూచన. బడి అకస్మాత్తుగా మూతపడితే స్మార్ట్ ఫోను లేని ఇంటికి కబురు ఎవరు, ఎలా చేరుస్తారు? చెప్పవలసిన టీచరు జబ్బుపడితే ఆ పని ఎవరిది? పిల్లవాడు వెనుకబడితే ఎన్నాళ్లలో మాకు తెలుస్తుంది? మొదటిదానికి మా బడి దగ్గర మంచి జవాబు ఉంది, రెండోదానికి ఇప్పుడు ఉంది, మూడోదానికి ఇంకా రావలసి ఉంది.